పరిశోధనను జనానికి చేర్చే ఆటలు: విద్యార్థుల చేత చేయించాలా, వద్దా?

ల్యాబ్‌కోటు: అంటువ్యాధుల మీద మా విభాగం చేస్తున్న పరిశోధనను జనానికి చెప్పడానికి ఒక ఆట తయారు చేయాలట. గేమ్ డిజైన్ విద్యార్థులకు సెమిస్టర్ ప్రాజెక్టుగా ఇద్దామంటున్నారు. నాకు ఇష్టం లేదు. మతిమరుపు తెచ్చే డిమెన్షియా జబ్బు మీద పరిశోధన కోసం 2016లో వచ్చిన సీ హీరో క్వెస్ట్ అనే మొబైల్ ఆట చూడండి. స్టూడియో వాళ్లు చేశారు, నలభై లక్షల మందికి పైగా ఆడారు. మార్కుల కోసం చేసిన ఆట ఎవరికి పడుతుంది?

పాచిక: ఫోల్డిట్‌ను వదిలేశారే! 2008లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఆ ఆటలో ప్రోటీన్ ఏ ఆకారంలో మడుచుకుంటుందో ఆటగాళ్లు కనిపెట్టాలి. దాని రూపకల్పనలో ముందున్న సేత్ కూపర్ అప్పటికి పీహెచ్‌డీ విద్యార్థే. కోతుల్లో ఎయిడ్స్ లాంటి జబ్బు తెచ్చే వైరస్ ఎంజైమ్ ఒకటుంది. దాని నిర్మాణం ఏళ్ల తరబడి కొరకరాని కొయ్యగా మిగిలింది. ఫోల్డిట్ ఆటగాళ్లు కొన్ని వారాల్లోనే దానికి సరైన నమూనా కట్టి ఇచ్చారని 2011లో పేపర్ వచ్చింది.

ల్యాబ్‌కోటు: పీహెచ్‌డీ వాళ్లు ఏళ్లకేళ్లు ఒకే పని పట్టుకుని కూర్చుంటారండీ. పక్కనే బయోకెమిస్టులు కూడా ఉన్నారు. సెమిస్టర్ పిల్లలకూ వాళ్లకూ పోలికా?

మూడోవరస: ఆ సెమిస్టర్ పిల్లల్లో నేనూ ఉన్నాను సార్. మేం చేసింది కూడా అంటువ్యాధి మీద బోర్డ్ గేమే. తన పేపర్లోని శాతాలన్నీ కార్డుల మీద ఉండాలని మా గైడ్ పట్టుబట్టారు. ఆడినవాళ్లు ఒక్క అంకె కూడా చదవలేదు, కార్డు రంగు చూసి వేసేశారు. అంకెలు తీసేసి వాటిని రూల్స్‌లోకి మార్చాం. టీకా కార్డు ఉన్నా పాచిక వేయాల్సిందే, జబ్బు సోకవచ్చు. కానీ ఆసుపత్రి దాకా వెళ్లే అవకాశం బాగా తగ్గుతుంది. బోర్డు మధ్యలో నాలుగే మంచాలు. అవి నిండితే అందరూ ఓడినట్టే. ఆ తర్వాత చూడాలి, "ముందు నువ్వు టీకా తీసుకో, నీ వల్ల మంచం పోతుంది" అని ఒకరి మీద ఒకరు పడ్డారు. పోస్టర్ చూసి ఎవరూ అలా కొట్లాడరు.

పాచిక: ఇదే నేను చెప్పేది. ఆటలో రూలే వాదన. ఏ అంకె రూల్ కావాలి, ఏది పక్కన పెట్టాలి అని విద్యార్థి అడుగుతూ ఉంటే పరిశోధకుడికి కూడా తన పేపర్లో అసలు విషయం ఏదో తేల్చుకోక తప్పదు. స్టూడియోకి డబ్బిచ్చి అప్పజెప్పితే ఈ పేచీ పడే ఓపిక ఎవరికుంటుంది? ఒక షరతు మాత్రం ఉంది. కోర్సు అయ్యాక కూడా ఆటను వాడుకుంటే వాళ్ల పేర్లు వేయాలి, డబ్బూ ఇవ్వాలి. ఫ్రీగా పని చేయించుకోవడానికి దీన్ని సాకు చేసుకోవద్దు.

ల్యాబ్‌కోటు: బాగుంది. కానీ కొట్లాడుకున్నారంటే అర్థమైందని కాదు కదా. టీకా గురించి ఆడకముందు ఏమనుకున్నారు, ఆడాక ఏమనుకున్నారు అని అడిగారా?

మూడోవరస: ఆడాక అడిగాం. ముందు అడగడానికి టైమ్ ఇవ్వలేదు, సబ్మిషన్ టెన్షన్.

ల్యాబ్‌కోటు: మరి కొత్త రకం వైరస్ వచ్చి ఆ టీకా రూల్ తప్పయితే, మీరంతా పాసై వెళ్లిపోయాక ఆటను ఎవరు సరిచేస్తారు? ప్రతిపాదనలో దీనికి ఒక మనిషి పేరు రాసి తెమ్మనండి, అప్పుడు సంతకం సంగతి చూస్తాను.