దోహాలో బ్రిటిష్ బడా, అమెరికన్ బడా? పెద్దల సలహా కావాలి

సోంపేట విద్యార్థిని:
అందరికీ నమస్కారం. మాది సోంపేట దగ్గర పల్లె. ఈ ఏడాది ఎనిమిదో తరగతి పూర్తిచేశాను. నాన్న దోహాలో పనిచేస్తున్నారు, ఆగస్టులో అమ్మా నేనూ అక్కడికి వెళ్తున్నాం. ఇంటికి దగ్గరలో బ్రిటిష్ పద్ధతి బడి ఒకటి, అమెరికన్ పద్ధతి బడి ఒకటి ఉన్నాయి. ఫీజు నాన్న కంపెనీయే కడుతుంది. చదవాల్సింది నువ్వే కనుక నువ్వే తేల్చుకో అన్నారు నాన్న. నాకు జీవశాస్త్రం ఇష్టం, బొమ్మలు వేయడమూ అంతే ఇష్టం. డాక్టరు చదువుకు మళ్లీ ఇక్కడికే రావచ్చు, రాకపోనూవచ్చు. ఏం చూసి ఎంచుకోవాలి?

నాగావళి గట్టు:
అమ్మా, శ్రీకాకుళంలో జూనియర్ కాలేజీలో ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను. నా మాట విని బ్రిటిష్ బడిలో చేరు. మన తొమ్మిదో తరగతి వయసుకు అక్కడ ఇయర్ టెన్ వస్తుంది. రెండేళ్ల ఐజీసీఎస్ఈ చదువు, అంటే మన టెన్త్ లాంటిది, సరిగ్గా అప్పుడే మొదలవుతుంది కాబట్టి నువ్వు మధ్యలో చేరినట్టు కాదు. పదహారో ఏట ఆ పరీక్షలు, ఆ తరవాత రెండేళ్లు మూడో నాలుగో సబ్జెక్టులతో ‘ఏ లెవెల్’ (A Level), అంటే మన ఇంటర్ లాంటిది. మన టెన్త్, ఇంటర్ నడిచే తీరూ ఇదే. 1857లో మద్రాసు, కలకత్తా, బొంబాయి విశ్వవిద్యాలయాలను లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో నెలకొల్పిన నాటి నుంచి మన పబ్లిక్ పరీక్షలదీ ఆ వంశమే. అన్నిటికన్నా ముఖ్యం, నీ జవాబు పత్రాన్ని నీ ముఖం ఎరగని మనిషి దిద్దుతాడు.

కోట జంక్షన్:
మాస్టారి మీద గౌరవంతోనే కాదంటున్నాను. బొమ్మలంటే ఇష్టమని ఆ పాప స్పష్టంగా రాసింది. పదహారేళ్లకే మూడు సబ్జెక్టులకు కుదించుకోమంటే మొదట పోయేది ఆ బొమ్మలే. అమెరికన్ బడిలో తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగేళ్లు లెక్కలు, సైన్సు, చరిత్ర, కళ అన్నీ క్రెడిట్ల చొప్పున సాగుతాయి. ప్రతి టర్ము గ్రేడూ జీపీఏలో, అంటే గ్రేడ్ల సగటులో చేరుతుంది. లోతు కావాలంటే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) అనే కాలేజీ స్థాయి కోర్సులున్నాయి, వాటి పరీక్షలు మే నెలలో జరుగుతాయి, ఒకటి నుంచి ఐదు వరకు స్కోరు వేస్తారు. నన్ను పదిహేనో ఏట ఎంపీసీలో వేశారు. నాకు చరిత్ర కావాలని అడిగే నోరు మా విజయనగరం ఇంట్లో ఎవరూ ఇవ్వలేదు. నలభై రెండేళ్లు వచ్చినా ఆ బాధ పోలేదు.

పలాస జీడితోట:
ఎంసెట్‌లో, అదే ఇప్పటి ఈఏపీసెట్‌లో, లోకల్ కోటా ఏమవుతుందో ముందు చెప్పండి.

నాగావళి గట్టు:
మీ ఇంట్లో జరిగిన అన్యాయానికి ఆ బ్రిటిష్ పరీక్షలు పెట్టే కేంబ్రిడ్జి వాళ్లను దోషుల్ని చేయడం న్యాయం కాదు. ఏ లెవెల్‌లో మన ఎంపీసీ, బైపీసీల వంటి గ్రూపులు లేవు. బడి టైమ్‌టేబుల్ ఒప్పుకుంటే జీవశాస్త్రం పక్కన కళ తీసుకోవచ్చు. నీట్ రాయాలంటే మాత్రం భౌతిక, రసాయన, జీవ శాస్త్రాలు మూడూ, ఇంగ్లీషూ ఉండి తీరాలి. అప్పుడు కళ నాలుగో సబ్జెక్టు అవుతుంది. అది భారమే, అసాధ్యం కాదు.

పలాస జీడితోట:
లోకల్ సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు. మా తమ్ముడి కొడుకు అక్కడే దెబ్బతిన్నాడు.

కోట జంక్షన్:
లోకల్‌కు ప్రధానంగా చూసేది అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్ల చదువు. ఆ నాలుగేళ్లూ దోహాలోనే గడుస్తాయి కాబట్టి ఏ బడిలో చేరినా తేడా లేదండీ, దయచేసి ఆ మాట ఇక వదిలేయండి. మాస్టారూ, పరీక్ష మీద మీకున్న నమ్మకానికి 2020 ఏం జవాబు చెప్పిందో గుర్తుచేస్తాను. కరోనా వల్ల ఏ లెవెల్ పరీక్షలు రద్దయితే, ఇంగ్లండులో టీచర్లు అంచనా వేసిన గ్రేడ్లలో దాదాపు నలభై శాతాన్ని పరీక్షల నియంత్రణ సంస్థ అల్గారిథం కిందికి దించింది. పిల్లలు రోడ్డెక్కాక ఆగస్టు 17న వెనక్కి తీసుకున్నారు. అంతా చివరి పరీక్ష మీదే నిలబెడితే, అది కూలిన రోజున పిల్ల చేతిలో ఏమీ మిగలదు.

నాగావళి గట్టు:
ఆ గొడవలో పిల్లల్ని ముంచింది పరీక్ష కాదు, పరీక్ష లేకపోవడం! మీకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. మా అమ్మాయి ఇక్కడే ఒక బడిలో చదివేటప్పుడు, సాయంత్రం ట్యూషనుకు రాలేదని ఒక టీచరు ఏడాది పొడుగునా ఇంటర్నల్స్‌లో ఇరవైకి పన్నెండు దాటనివ్వలేదు. ఆ నోటుపుస్తకం నా దగ్గర ఇప్పటికీ ఉంది, సరైన జవాబు మీదే ఎర్రసిరాతో అడ్డగీత ఉంది. పబ్లిక్ పరీక్షలో హాల్ టికెట్ నంబరు తప్ప ఇంకేమీ కనపడనప్పుడు అదే సబ్జెక్టులో క్లాసులో మొదటి మార్కు దానిదే. నాలుగేళ్ల పాటు ప్రతి వారం మార్కు అలాంటి చేతిలో పెట్టమంటే నా ప్రాణం ఒప్పదు.

కోట జంక్షన్:
మీ భయం ఏమిటో ఇప్పుడు అర్థమైంది మాస్టారూ. నాది దానికి ఎదురు భయం. ఇంటర్ కెమిస్ట్రీ పరీక్ష నాడు నాకు పచ్చకామెర్లు. సెలైన్ సూది తీసిన చోట దూది అంటించుకుని వెళ్లి, రెండో గంటలో బల్ల మీద తల వాల్చేశాను. రెండేళ్లు రోజూ నన్ను చూసిన లెక్చరరు మాటకు ఆ రోజు విలువ ఉండి ఉంటే నేను ఏడాది పోగొట్టుకునేవాణ్ణి కాదు. ముఖం ఎరగని మనిషి న్యాయంగానే దిద్దాడు, నాకు ఒరిగింది మాత్రం ఏమీ లేదు.

బొబ్బిలి అక్క:
ఇద్దరూ మీ పాత పరీక్షలే మళ్లీ రాస్తున్నారు. పాప ఏమందో చదవండి.

సోంపేట విద్యార్థిని:
ఇద్దరూ చెప్పినవి చదివి నాన్న రెండు బడులకూ వెళ్లి వచ్చారు. బ్రిటిష్ బడి ఏ లెవెల్ టైమ్‌టేబుల్ ఫోటో పంపారు. అందులో కళ, రసాయనశాస్త్రం ఒకే పీరియడ్‌లో ఉన్నాయి. అమెరికన్ బడిలో కళ నాలుగేళ్లూ తీసుకోవచ్చట, ఏపీ బయాలజీ, ఏపీ కెమిస్ట్రీ ఉన్నాయి, ఏపీ ఫిజిక్స్ లేదు, మామూలు ఫిజిక్స్ ఒక్క ఏడాదే.

నాగావళి గట్టు:
అమ్మా, ఆ ఒక్క ఏడాది ఫిజిక్స్ నీట్‌కు చాలుతుందా, ఆ అమెరికన్ బడి డిప్లొమాకు ఏఐయూ (భారత విశ్వవిద్యాలయాల సంఘం) వారు ఇంటర్‌తో సమానమని పత్రం ఇస్తారా అన్నది చేరకముందే వాళ్లకు రాసి, జవాబు కాగితం మీద తెప్పించుకోమను. ఏపీ పరీక్షలను బడి బయటివాళ్లే దిద్దుతారు కాబట్టి వాటి విషయంలో నాకు అభ్యంతరం లేదు.

కోట జంక్షన్:
బ్రిటిష్ బడిలో ఆ పీరియడ్ మార్చే వీలుందేమో కూడా మీ నాన్నగారిని ఒకసారి అడగమను తల్లీ. నాలుగో సబ్జెక్టు సంగతి మాస్టారు ఊరికే అనలేదు.