కాకరలో పండుఈగ పురుగు దొరికితే నష్టం ఎవరు భరించాలి?

పొలంగట్టు:
మా కాకరకాయలు ఉన్న సరుకును, పండుఈగ పురుగు కనబడిందని దిగుమతి దేశంలో నాశనం చేశారు. ఎగుమతిదారు నాకు రావలసిన సొమ్ము మొత్తం నిలిపివేశాడు. ఇక్కడి అధికారి పరీక్షించి ఫైటోశానిటరీ (మొక్కల ఆరోగ్య) సర్టిఫికెట్ ఇచ్చిన తరువాతే సరుకు బయలుదేరింది. ప్రభుత్వ ముద్ర పడిన సరుకుకు కూడా రైతే జవాబుదారీ కావడం న్యాయమా?

ప్యాక్‌హౌస్ మేనేజర్:
ఆ సర్టిఫికెట్ పూచీకత్తు కాదండీ. సరుకును తగిన పద్ధతిలో పరీక్షించామని, దిగుమతి దేశం పేర్కొన్న క్వారంటైన్ పురుగులు (ఆ దేశంలోకి రానివ్వని చీడలు) లేవని భావిస్తున్నామని మాత్రమే అందులో ఉంటుంది. అధికారి చూసేది శాంపిల్. పెద్ద సరుకులో నూటికి ఒక కాయకు పురుగు ఉంటే, 300 కాయలు చూసినప్పుడు అది బయటపడే అవకాశం 95 శాతం. వెయ్యికి ఐదు కాయలకే ఉంటే దాదాపు 600 చూడాలి. అదీ చూసిన ప్రతి కాయలోనూ పురుగును గుర్తుపట్టగలిగితేనే. ఈగ గుడ్లు పెట్టేది తొక్క లోపల కాబట్టి, మొదట్లో పైన సూదిపోటంత గుర్తు తప్ప మరేమీ ఉండదు.

పొలంగట్టు:
అయితే 600 చూడమనండి. చూడనిది అధికారి, నష్టపోయింది నేను.

సాగుబాట:
మందు సరిగ్గా కొట్టి, కోతకు ముందు గడువు పాటిస్తే ఈ గొడవే రాదు కదా.

ప్యాక్‌హౌస్ మేనేజర్:
మందుల అవశేషాల పరిమితి వేరు, చీడల నిబంధన వేరు. అవశేషం పరిమితి లోపల ఉంటే సరుకు పోతుంది. క్వారంటైన్ పురుగు ఒక్కటి బతికి కనబడినా ఆగిపోతుంది. మగ ఈగలను ఆకర్షించే క్యూలూర్ ఎరలు పెట్టి, పుచ్చు కాయలను ఏరి లోతుగా పూడ్చవలసింది పొలంలోనే. పొలంగట్టు గారు ఆ పని చేశారో లేదో ఇంతవరకు చెప్పలేదు.

పొలంగట్టు:
ఎరలూ పెట్టాను, పుచ్చు కాయలూ పూడ్చాను. నా మాట మీద నమ్మకం లేకపోతే మా తోటకు వచ్చి చూసుకోండి, ఇక్కడ కూర్చుని నిందలు వేయకండి!

క్వారంటైన్ పరిశీలకురాలు:
ఈ కచ్చితత్వానికి కారణం ఉంది. 2014 మేలో యూరోపియన్ యూనియన్ భారతదేశపు మామిడితో పాటు కాకర, వంకాయ, పొట్లకాయ, చేమ దిగుమతులను ఆపివేసింది. మామిడిపై నిషేధం 2015లోనే తొలగినా కూరగాయలకు ఇంకా ఎక్కువ కాలం పట్టింది. కొన్ని సరుకుల్లో దొరికిన పురుగులకు, జాగ్రత్తగా పండించిన రైతులు కూడా మార్కెట్ పోగొట్టుకున్నారు.

పొలంగట్టు:
నేను అడిగేదీ అదే! నా క్రేట్ల మీద పొలం నంబరు ఉంది. ప్యాక్‌హౌస్‌లో గ్రేడింగ్ బల్ల మీద నాలుగు పొలాల కాయలు కలిపి పోసి, ఒకే లాటుగా పెట్టెలు కట్టారు. ఆ పురుగు నా కాయలోదేనని ఎవరు తేల్చారు?

ప్యాక్‌హౌస్ మేనేజర్:
రాత్రి విమానానికి అందించవలసిన సరుకును పొలం వారీగా విడదీస్తే పని రెట్టింపు అవుతుంది. కొనుగోలుదారు ఇచ్చే ధరలో ఆ కూలి ఇమడదు.

క్వారంటైన్ పరిశీలకురాలు:
కలిపినది మీరైనప్పుడు, ఒక్క రైతు సొమ్ము ఆపడానికి మీ దగ్గర ఆధారం లేదు. లాటు వారీ రికార్డు ఉంటే చూపించండి; లేకపోతే ఆయన సొమ్ము ఆయనకు చెల్లించవలసిందే.

ప్యాక్‌హౌస్ మేనేజర్:
ఆయన సొమ్ము ఆపింది మేము కాదు, ఎగుమతిదారు. కలిపి కట్టమన్నదీ ఎగుమతిదారే.

పొలంగట్టు:
ఆ మాట రాసి సంతకం పెట్టి ఇవ్వండి, చాలు.