ఫ్రూట్ సలాడ్‌కి పుల్లగా, చిక్కగా డ్రెస్సింగ్: మీగడ విరక్కుండా ఎలా?

గంటస్తంభం పక్కిల్లు (విజయనగరం)

అందరికీ నమస్కారం. వచ్చే ఆదివారం మా బాబు పుట్టినరోజు. ఓ ఇరవై మంది వస్తారు. ఎప్పుడూ చేసే కస్టర్డ్ ఫ్రూట్ సలాడ్ కాకుండా, ఈసారి పళ్ళముక్కల మీద చిక్కగా, కాస్త పుల్లగా, నిమ్మ వాసన వచ్చే డ్రెస్సింగ్ చేద్దామని ఉంది. వీడియోల్లో క్రీమ్‌లో నిమ్మకాయ పిండేసి గిలక్కొట్టేస్తున్నారు. ఇంట్లో మీగడతో చేసి చూస్తే పలుకులు పలుకులుగా విరిగిపోయింది. పెరుగుతో చేద్దామంటే మా అత్తగారు పళ్ళల్లో పెరుగు కలపనివ్వరు. గుడ్డు తినని చుట్టాలున్నారు, కాబట్టి మయొనైజ్ కుదరదు.

పళ్ళు: మామిడి, సీతంపేట పైనాపిల్, అరటి, యాపిల్, దానిమ్మ. బత్తాయిలు కూడా ఉన్నాయి. పొద్దున్నే కలిపేసి సాయంత్రం దాకా ఫ్రిజ్‌లో ఉంచొచ్చా? వంట చేసేది నేనొక్కదాన్నే, అందుకే టెన్షన్.

బొబ్బిలి బాబాయ్

కండెన్స్‌డ్ మిల్క్‌లో నిమ్మరసం కొద్దికొద్దిగా పోస్తూ కలపండి. విరక్కుండా దానంతటదే గట్టిపడుతుంది. రెండు నిమిషాల పని. కాకపోతే బాగా తీపి. పిల్లలకు నచ్చుతుంది, షుగర్ ఉన్న మాలాంటి వాళ్ళకు మాత్రం పెట్టకండి.

కాశీబుగ్గ అప్ప

అమ్మా, ఇంట్లో తీసిన మీగడలో పాలు కూడా ఉంటాయి. వాటికి పులుపు తగిలితే విరగక ఏమవుతుంది? డబ్బా క్రీమ్‌లో చిక్కదనానికి ఏవేవో కలుపుతారు గనక అది కొంత తట్టుకుంటుంది. అసలు మీరు పాల జోలికే వెళ్ళకండి. పలాసని పక్కన పెట్టుకుని క్రీమ్ డబ్బా కొనడమేమిటి?

జీడిపప్పు తీసుకోండి. గుండు పప్పు దండగ, ఎలాగూ నూరేదే కదా, ముక్క చాలు. మా జీడితోట 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి పడిపోయింది. అప్పట్నుంచి మేమూ కొట్లో కొనుక్కునేవాళ్ళమే, కాబట్టి ధర సంగతి నాకూ తెలుసు.

ఇరవై మందికి పావుకిలో ముక్క సరిపోతుంది. వేడినీళ్ళలో గంట నానబెట్టి, నీళ్ళు వంచేసి మిక్సీలో వెయ్యండి. ఒక పెద్ద కొబ్బరికాయ నుంచి తీసిన చిక్కటి మొదటి పాలు ఒక గ్లాసు పక్కన పెట్టుకుని, కొంచెం కొంచెం పోస్తూ నూరండి. జార్ వేడెక్కితే ఆపి, చల్లారాక మళ్ళీ తిప్పండి. రెండు వేళ్ళ మధ్య రుద్దితే పలుకు తగలకూడదు. తొందరపడి ఇక్కడ ఆపేస్తే చట్నీ అవుతుంది, డ్రెస్సింగ్ అవదు.

తర్వాత నాలుగు చెంచాల తేనె, చిటికెడు ఉప్పు, మూడు నిమ్మకాయల రసం. ఉప్పు మానకండి, అది లేకపోతే చప్పగా ఉంటుంది. నిమ్మ వాసన రసంలో కంటే తొక్కలో ఎక్కువ. కాయల్ని పిండకముందే బాగా కడిగి, పైపొర మాత్రం సన్నగా తురిమి ఇందులో కలపండి. కింద తెల్లభాగం వచ్చిందా, చేదు. దీన్ని పొద్దున్నే చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. అక్కడ ఇంకా గట్టిపడుతుంది.

బత్తాయి రసం మాత్రం అప్పుడే వద్దు. పిండి ఉంచితే చేదెక్కుతుంది. వడ్డించే ముందు అరగ్లాసు పిండి, గట్టిపడ్డ డ్రెస్సింగ్‌ని దాంతోనే జారుగా చేసుకోండి.

పళ్ళు, డ్రెస్సింగ్ పొద్దున్నే కలిపేస్తే సాయంత్రానికి అడుగున నీళ్ళే. తీపి, ఉప్పు తగిలితే ముక్కలు నీరొదులుతాయి. విడివిడిగా ఉంచి చివర్లో కలపండి. యాపిల్ ముక్కలకు నిమ్మరసం పట్టిస్తే నల్లబడవు. అరటిపండు ఆఖర్న కొయ్యండి, దానిమ్మ పైన చల్లండి.

రాజాం వంటాయన

అప్పగారి పద్ధతి బాగుంది గానీ, జీడిపప్పు రుచి పళ్ళని మింగేస్తుందని నా అనుమానం. మూడొందల మంది భోజనాలకు అది ఖర్చు కూడా. నేను పెరుగుతోనే చేస్తాను. పల్చటి గుడ్డలో మూటగట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో వేలాడదీస్తే నీరంతా దిగి వెన్నలా మిగులుతుంది. అది ఎలాగూ తోడుకున్నదే, నిమ్మరసానికి కొత్తగా విరిగేదేం ఉండదు.

ఒక్క జాగ్రత్త: పచ్చి పైనాపిల్ పాలలో గానీ పెరుగులో గానీ పడితే కాసేపటికి చేదొస్తుంది. ఆ పండులో ఉండే ఎంజైమ్ పాల ప్రొటీన్‌ని విరగ్గొడుతుంది. ముక్కల్ని కాస్త పంచదారతో ఐదు నిమిషాలు ఉడికించి చల్లార్చి వేస్తే ఆ గొడవ ఉండదు. డబ్బా పైనాపిల్ ముందే వేడి చేసి ఉంటుంది గనక నేరుగా వేసుకోవచ్చు.

కాశీబుగ్గ అప్ప

బాబూ, జీడిపప్పు రుచి తేలకుండా ఉండడానికే తొక్క తురుము వెయ్యమన్నది! పెరుగు మూట మంచిదే, కానీ ఆవిడ అత్తగారు ఒప్పుకోవద్దూ? పైనాపిల్ ఉడికించమన్న మాట మాత్రం బాగుంది. అమ్మా, మీరు జీడిపప్పుతో చేసినా అలాగే చెయ్యండి, పండు పచ్చి ఘాటు కూడా తగ్గుతుంది.

గంటస్తంభం పక్కిల్లు

అప్పా, బాబాయ్‌గారూ, వంటాయనగారూ, చాలా థ్యాంక్స్. జీడిపప్పుతోనే చేస్తాను, మా అత్తగారికీ చెప్పేశాను. ఒక్క సందేహం. స్కూలు పిల్లలు కూడా వస్తున్నారు. ఎవరికైనా జీడిపప్పు పడకపోతే?

కాశీబుగ్గ అప్ప

ముందే వాళ్ళ అమ్మలకు ఫోన్ చేసి అడగండి, మొహమాటపడొద్దు. పడని పిల్లలుంటే కొన్ని ముక్కలు ముందే వేరే గిన్నెలో తీసిపెట్టి, బత్తాయి రసం, నిమ్మరసం, తేనె కలిపి పోసెయ్యండి. చిక్కదనం కావాలంటే అందులోనే బాగా ముగ్గిన మామిడిపండు గుజ్జు కలపండి. ఇది జీడిపప్పు కంటే ముందే, కడిగి ఆరబెట్టిన మిక్సీ జార్‌లో చేసుకోండి. గరిటె కూడా వేరేది పెట్టండి.