రాగి రంగు టాలర్: ఇది నమూనా నాణెమేనా?

ప్రశ్న:
డ్రెస్డెన్‌లోని పాత వస్తువుల సంతలో పాత జర్మన్ రాజ్యం సాక్సనీ రాజు యోహాన్ బొమ్మ ఉన్న 1861 నాటి టాలర్ (అప్పటి జర్మన్ వెండి నాణెం) కొన్నాను. బొమ్మ, అక్షరాలు వెండి టాలర్‌వే, రంగు మాత్రం రాగిది. వెడల్పు 33 మిల్లీమీటర్లు, బరువు 16.1 గ్రాములు. అంచు మీద ఏ రాతా లేదు. రాజు చెంప, జుట్టు బాగా అరిగాయి. అమ్మినాయన ఇది అరుదైన ‘ప్రోబె’, అంటే టంకశాల నమూనా అన్నారు. నమ్మవచ్చా?

జవాబు:
లోహం రాగే. నాణేల గురించి జర్మన్ రాజ్యాలు చేసుకున్న 1857 వియన్నా ఒప్పందం ప్రకారం 500 గ్రాముల శుద్ధ వెండికి 30 టాలర్లు. పదింట తొమ్మిది పాళ్లు వెండి కాబట్టి ఒక్కొక్కటి 18.52 గ్రాములు తూగాలి. అంతే పరిమాణంలో రాగి అయితే సుమారు 16 గ్రాములే ఉంటుంది.

అసలు టాలర్ అంచున ‘గాట్ జెగ్నె జాక్సెన్’, అంటే దేవుడు సాక్సనీని దీవించుగాక అని ఉంటుంది. నమూనాలలో ఆ రాత లేకపోవడం వింత కాదు. నా అనుమానమంతా అరుగుదల మీదే. నమూనాలను అచ్చు సరిచూసుకోవడానికో, పాలకుడికి చూపించడానికో కొట్టేవారు. అవి సంతకు వెళ్లేవి కావు. మీ నాణెం ఎన్నో చేతులు మారింది. రాగి బిళ్లను టాలర్ అని ఎవరు పుచ్చుకుంటారు? పైన వెండి పూత ఉంటేనే కదా! అలాంటి దొంగ నాణెమే అయితే ఆ పూత అక్షరాల సందుల్లో మిగిలి ఉండవచ్చు. భూతద్దంతో చూడండి, దయచేసి రుద్ది కడగకండి.

మరో జవాబు:
ఒక మాట. వాడుక నాణెం అచ్చులతోనే రాగిలోనో తగరంలోనో కొట్టినదాన్ని జర్మన్ సేకర్తలు ‘అప్‌ష్లాగ్’ అంటారు. కొత్త రూపాన్ని ప్రతిపాదిస్తూ కొట్టినదే ప్రోబె. మీ దాని రూపం వాడుక నాణెందే కనుక, టంకశాలదే అయినా ప్రోబె అనడం తప్పు. ఈ రెంటినీ కలిపేసి అమ్మడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

బొమ్మ కింద ‘బి’ ఉందా? ప్రష్యా నాణేల మీద ‘బి’ హానోవర్ టంకశాల గుర్తు, కానీ ఇక్కడ అది డ్రెస్డెన్ టంకశాల అధికారి బుషిక్ పేరులోని అక్షరం. ఆయనకు ముందు ఫిషర్ ఉన్నప్పుడు ‘ఎఫ్’ వేసేవారు. 1861 నాటి నాణెం మీద ‘ఎఫ్’ కనిపిస్తే ఇక ఆలోచించనక్కరలేదు, అది దొంగదే.

ప్రశ్న అడిగినవారు:
‘బి’ ఉంది. ఆ అక్షరం లోపలి గుంటల్లో, రాజు చెవి మడతలో తెల్లటి పొర సన్నగా మెరుస్తోంది. దొంగ టాలరే అన్నమాట. అయినా తిరిగి ఇవ్వను. అంత ఓపికగా ఆ అచ్చు చెక్కిన చేయి ఎవరిదో తెలుసుకోవాలని ఉంది. అసలు టాలర్ ఒకటి సంపాదించి, రెండింటి అక్షరాలూ పక్కపక్కన పెట్టి పోల్చి రాస్తాను.