శీతాకాలపు కుండీలలో ఏ మొక్కకు ఏది జత?

ప్రశ్న

అందరికీ నమస్కారం. చలికాలం మొదలవడానికి ఇంకా కొన్ని వారాల వ్యవధి ఉండగానే, కుండీలలో ఏ మొక్కలను కలిపి నాటాలో నిర్ణయించుకోవాలని అనుకుంటున్నాను. పోయిన చలికాలంలో 45 సెంటీమీటర్ల వెడల్పు గల ఒక కుండీలో రోజ్‌మేరీ, పెటూనియా, పాన్సీ, లొబీలియా నాలుగింటినీ కలిపి నాటాను. నర్సరీలో పక్కపక్కన పెట్టి చూసినప్పుడు వాటి రంగులు ఎంతో పొందికగా కనిపించాయి. నెలన్నర తిరిగేసరికి లొబీలియా ఎండిపోసాగింది. దాని కోసం నీళ్లు పెంచితే రోజ్‌మేరీ ఆకులు కింది నుంచి పసుపెక్కి రాలిపోయాయి. పెటూనియా పొడుగ్గా సాగిందే గాని సరిగా పూయలేదు. చివరకు పాన్సీ ఒక్కటే నిలిచింది.

ఈసారి అదే వెడల్పు గల కుండీలు రెండు, 25 సెంటీమీటర్లవి నాలుగు సిద్ధంగా ఉన్నాయి. అవి ఉన్న చోట ఉదయం నాలుగైదు గంటలు ఎండ పడుతుంది. రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ వరకు దిగుతుంది గాని నీరు గడ్డకట్టేంత చలి ఉండదు. పూలతో పాటు కొద్దిగా ఆకుకూరలు కూడా పెంచాలని ఉంది. జతలను ఏ ప్రాతిపదికన ఎంచుకోవాలో అనుభవజ్ఞులు చెప్పగలరా?

మొదటి సమాధానం

మీ కుండీలో జరిగిన నష్టానికి రంగుల ఎంపిక కారణం కాదు, నీటి అవసరాలలో ఉన్న తేడా కారణం. రోజ్‌మేరీ, లావెండర్, థైమ్ వంటివి రెండు తడుల మధ్య మట్టి బాగా ఆరితే గాని ఆరోగ్యంగా ఉండవు. లొబీలియాకు మట్టి ఎప్పుడూ కొద్దిగా చెమ్మగా ఉండాలి. నేలలో అయితే ఈ రెండింటినీ మూడడుగుల దూరంలో నాటి వేర్వేరుగా నీరు పెట్టవచ్చు, కాని కుండీలో ఉన్న మట్టి అంతా ఒకటే కనుక ఒకదానికి పోసిన నీరు రెండవదానికీ చేరుతుంది. అందుచేత నేను ముందుగా మొక్కల పేర్లను ఒక కాగితం మీద రెండు వరుసలుగా, చెమ్మ కోరేవి ఒకవైపు, ఆరుదల కోరేవి మరొకవైపు రాసుకుంటాను. ఒక వరుసలోని మొక్కను రెండవ వరుసలోని దానితో ఎంత అందంగా కనిపించినా కలపను.

రెండవది ఎండ. చలికాలంలో సూర్యుడు ఆకాశంలో కిందుగా ప్రయాణిస్తాడు కాబట్టి గోడల నీడలు పొడవుగా సాగి, వేసవిలో నిండుగా ఎండ పడిన చోటు కూడా సగం రోజు నీడలో ఉండవచ్చు. పెటూనియా మీ దగ్గర పూయకపోవడానికి అదే కారణమని నా అభిప్రాయం. దానికి కనీసం ఆరు గంటల ఎండ కావాలి. నాలుగైదు గంటల వెలుతురులో పాన్సీ, వయోలా, అలిస్సం, అలంకార క్యాబేజీ చక్కగా ఉంటాయి, పైగా నాలుగింటికీ చెమ్మ గల మట్టే ఇష్టం.

పెద్ద కుండీలో నడుమ ఒక అలంకార క్యాబేజీని, దాని చుట్టూ నాలుగు పాన్సీలను 15 సెంటీమీటర్ల ఎడంతో, అంచున రెండు మూడు అలిస్సం మొక్కలను నాటండి. రాత్రులు చల్లబడిన కొద్దీ క్యాబేజీ ఆకుల ఊదా, తెలుపు రంగులు ముదురుతాయి గనుక పూలు తగ్గిన రోజుల్లో కూడా కుండీ వెలితిగా కనిపించదు. నీరు నిలవకుండా అడుగున ఒక పొర కంకర వేసుకోండి.

రెండవ సమాధానం

పై సమాధానంలోని చివరి వాక్యంతో తప్ప మిగతా అన్నిటితో ఏకీభవిస్తున్నాను. అడుగున కంకర వేస్తే నీరు త్వరగా దిగుతుందని నేనూ చాలాకాలం నమ్మాను. సన్నని రంధ్రాలు గల మట్టి నుంచి నీరు పెద్ద ఖాళీలు గల కంకరలోకి వెంటనే దిగదు. పైనున్న మట్టి పూర్తిగా నానిన తరువాతే దిగుతుంది. కాబట్టి కంకర వల్ల తడి పొర పైకి జరిగి వేర్లకు మరింత దగ్గరవుతుంది, వేర్లకు దొరికే మట్టి కూడా తగ్గుతుంది. రంధ్రం మీద మట్టి జారిపోకుండా ఒక జాలీ ముక్క వేసి, కుండీ మొత్తాన్నీ ఒకే గుల్లమిశ్రమంతో నింపడం మేలు. చలికాలంలో నీరు ఆవిరి కావడం మందగిస్తుంది గనుక ఈ విషయం వేసవికన్నా ఇప్పుడే ముఖ్యం.

ఎదుగుదల వేగం గురించి కూడా ఒక మాట. నాస్టర్షియం, పుదీనా వంటివి పక్కనున్న వాటిని కమ్మేస్తాయి. పుదీనా వేరుకాడలు కుండీ అంతా పాకుతాయి కాబట్టి దానికి వేరే కుండీ ఇవ్వడం తప్పనిసరి. అలిస్సం కూడా పాన్సీ మీదికి పాకుతుంది, కాని మొదటి విడత పూత వాడగానే సగానికి కత్తిరిస్తే మళ్లీ చిగురించి పూస్తుంది. పాన్సీ వాడిన పూలను కాడతో సహా తుంచాలి. గింజ కట్టనిస్తే పూత మందగిస్తుంది.

చిన్న కుండీలలో మూడు నాలుగు రకాలు కుక్కవద్దని నా మనవి. లెట్యూస్‌ను ఉల్లికాడలతో కలపండి. లెట్యూస్ వేర్లు పైపైనే ఉంటాయి, ఉల్లి ఆకులు నిటారుగా, సన్నగా పెరిగి దానికి నీడ వేయవు. కొత్తిమీరను మాత్రం విడిగా, నేరుగా విత్తండి. దాని తల్లివేరు నాటు మార్పిడిని సహించదు.

ప్రశ్న వేసినవారి స్పందన

ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. నాలుగు రోజులు గమనించి చూశాను. గోడకు దగ్గరగా ఉన్న చోట ఎండ నిజానికి మూడు గంటలే పడుతోంది. అందువల్ల రెండు పెద్ద కుండీలనూ బయటి అంచుకు జరిపి ఒకదానిలో పైన చెప్పిన మేళవింపును, రెండవదానిలో ముదురు నీలం వయోలాలను తెల్ల అలిస్సంతో కలిపి నాటుతాను. రోజ్‌మేరీకి ఎక్కువ ఎండ పడే మూల ఒక చిన్న కుండీ, కొత్తిమీరకు ఒకటి, లెట్యూస్, ఉల్లికాడలకు ఒకటి కేటాయించాను. మిగిలిన చిన్న కుండీలో సైక్లమెన్ నాటవచ్చా?

మూడవ సమాధానం

తప్పక నాటవచ్చు. తక్కువ ఎండలోనే అది బాగుంటుంది గనుక గోడ దగ్గరి చోటును దానికి ఇవ్వండి. దుంప పైభాగం మట్టికి కొద్దిగా పైన ఉండాలి, నీరు దుంప నడినెత్తిన పడకుండా అంచు నుంచి పోయాలి, లేకపోతే కుళ్లుతుంది. అయితే దాని దుంప విషపూరితం కాబట్టి లెట్యూస్, కొత్తిమీర ఉన్న కుండీల పక్కన కాకుండా, పిల్లలకూ పెంపుడు జంతువులకూ అందనంత ఎత్తులో ఉంచండి.

మీ వయోలా మేళవింపు గురించి ఒక సూచన ఉంది. ముదురు నీలం పూలు మసక వెలుతురులో దూరానికి ఆకులలో కలిసిపోతాయి. తెల్ల అలిస్సంను అంచున మాత్రమే కాక వాటి మధ్యలో కూడా అక్కడక్కడా నాటితే నీలం కంటికి ఆనుతుంది. నాటిన తరువాత రోజూ నీరు పోయకుండా, వేలిని మొదటి కణుపు దాకా మట్టిలో గుచ్చి అక్కడ పొడిగా ఉన్నప్పుడే ఉదయం పూట పోయండి.