అప్‌డేట్: మా అన్న యాక్సిడెంట్ క్లెయిమ్

మడికొండ దగ్గర కారు గుద్ది అన్న కాలు విరిగింది, బీమా కంపెనీ వాళ్లు 2.5 లక్షలకు సంతకం పెట్టమంటున్నరు, పెట్టాల్నా అని అడిగిన కదా. పెట్టలే. అది మోటారు వాహనాల చట్టం సెక్షన్ 164 కింద తప్పెవరిదైనా వచ్చేదే. తీసుకుంటే సెక్షన్ 166 కేసు, అంటే ఎదుటోళ్ల తప్పు చూపి పూర్తి నష్టపరిహారం అడిగేది, పోతదని వకీలు చెప్పిండు. ఆర్నెల్ల గడువు దాటకముందే హన్మకొండ కోర్టుల పిటిషన్ వేసినం.

సర్టిఫికెట్ల 40 శాతం వైకల్యమని రాసిన్రు. కంపెనీ దాన్నే పట్టుకున్నది. కానీ అన్న లారీ డ్రైవర్! ఎడమ మోకాలు వంగదు, క్లచ్ తొక్కవోతే పండ్లు బిగబడుతున్నడు. కాలు ఎంత పోయిందని కాదు, సంపాదన ఎంత పోయిందో చూడాలని 2011 రాజ్‌కుమార్ కేసుల సుప్రీంకోర్టు చెప్పింది. మా వాదన గదే.

మందుల చీటీలన్నీ దాచమన్న అక్కా, నీకు దండం. అవన్నీ కోర్టుల పెట్టినం. వచ్చే వాయిదాకు డాక్టర్ సాక్ష్యం.