గురువారం ప్రశ్నలతో స్కాట్లాండ్ సర్కారు నిజంగా జవాబు చెబుతోందా, లేక అంతా తమాషాయేనా?

గ్లాస్గో_గోదారి

గొడవయ్యే ప్రశ్నే అడుగుతున్నాను, తెలిసే అడుగుతున్నాను.

స్కాట్లాండ్ పార్లమెంటులో ప్రతి గురువారం మధ్యాహ్నం 12 గంటలకి ఫస్ట్ మినిస్టర్‌ని సభ్యులు ప్రశ్నలడుగుతారు. మన లెక్కలో ముఖ్యమంత్రి అనుకోండి. 2016 దాకా అరగంట ఉండేది, తర్వాత 45 నిమిషాలు చేశారు. చాలాకాలంగా చూస్తున్నాను, అందులో నిలదీయడం నాకెక్కడా కనబడలేదు. ఆసుపత్రుల వెయిటింగ్ లిస్టు గురించి అడిగితే ఇంగ్లండ్‌లో ఇంకా అధ్వానం అంటారు. డబ్బేదీ అంటే లండన్ ఇవ్వలేదంటారు. మధ్యలో అధికార పక్షం సభ్యుడొకడు లేచి, మా నియోజకవర్గంలో మొదలైన ఈ మంచి కార్యక్రమాన్ని ఫస్ట్ మినిస్టర్ కూడా నాతోపాటు స్వాగతిస్తారా అని అడుగుతాడు. స్వాగతించక ఏం చేస్తారు?

ఇక్కడ రాతపూర్వక ప్రశ్నలున్నాయి, మామూలుగా 10 పనిదినాల్లో జవాబివ్వాలి. కమిటీలున్నాయి, సాక్షుల్ని పిలిచే అధికారం వాటికి 1998 నాటి స్కాట్లాండ్ చట్టమే ఇచ్చింది. నా వాదన ఏంటంటే, గురువారం తమాషా ఎత్తేసి ఆ టైమ్ వీటికిస్తే జనానికి ఏమన్నా ఒరుగుతుంది. కాదనేవాళ్లు, గురువారం అడిగిన ప్రశ్న వల్ల మారిన విధానం ఒక్కటి చూపించండి.

మనకెందుకీ గోల అంటారేమో. కామన్‌వెల్త్ పౌరులం కాబట్టి స్టూడెంట్ వీసా మీదున్నా మనకి ఇక్కడ ఓటుంది. పేరు నమోదు చేసుకోనివాళ్లు ముందు ఆ పని చూడండి.

మిర్చిబజ్జీ

"నాతోపాటు స్వాగతిస్తారా" అనేవాడు మన "గౌరవ ముఖ్యమంత్రి గారికి ధన్యవాదాలు తెలియజేసుకుంటూ అధ్యక్షా"కి మేనత్త కొడుకన్నమాట.

క్లైడ్_ఒడ్డు

ఒక్కటి అడిగారుగా, మెష్ సంగతి తీసుకోండి.

కాన్పుల తర్వాత మూత్రం ఆపుకోలేని బాధకి, గర్భసంచి జారినప్పుడు, ఆడవాళ్లకి లోపల ప్లాస్టిక్ వల లాంటిది అమర్చేవారు. కొందరికి అది లోపల కోసుకుపోయి వీల్‌చైర్‌కి పరిమితమయ్యారు. 2014లో బాధితులే పార్లమెంటుకి పిటిషన్ పెట్టారు (ఇక్కడ పిటిషన్‌కి ఒక్క సంతకం చాలు). అదే ఏడాది జూన్‌లో ఆరోగ్య మంత్రి అలెక్స్ నీల్ ఈ ఆపరేషన్లు ఆపమని హెల్త్ బోర్డుల్ని (ఒక్కో ప్రాంతంలో ప్రభుత్వ వైద్యం నడిపే సంస్థలు) కోరారు. కోరారు, అంతే. ఆ తర్వాత కూడా ఆపరేషన్లు జరుగుతూనే వచ్చాయి. అప్పుడు లేబర్ నుంచి నీల్ ఫిండ్లే, కన్సర్వేటివ్ నుంచి జాక్సన్ కార్లా, మంత్రి పదవి పోయాక అధికార పార్టీ బెంచీల్లోంచే అలెక్స్ నీల్ ఏళ్ల తరబడి వదలకుండా అడిగారు. 2018 సెప్టెంబరులో జీన్ ఫ్రీమన్ మంత్రిగా ఉండగా ఆపించారు. ప్రైవేటుగా ఆ మెష్ తీయించుకున్నవాళ్లకి ఖర్చు తిరిగిచ్చేలా 2022లో ఏకంగా చట్టమే వచ్చింది.

మూడు పార్టీలవాళ్లు ఒకే విషయం మీద నిలబడితే ఏ మంత్రీ ఎక్కువకాలం తప్పించుకోలేడు.

గ్లాస్గో_గోదారి

అన్నా, మీరు చెప్పింది పిటిషన్ల కమిటీ గెలుపు. అది నా ఖాతాలో పడుతుంది, మీ ఖాతాలో కాదు.

క్లైడ్_ఒడ్డు

సగం మీ ఖాతాలో వేసుకోండి. కానీ కమిటీలో జరిగేది ఎంతమంది చూస్తారు? గురువారం మధ్యాహ్నం అడిగింది సాయంత్రం టీవీలో వస్తుంది. మంత్రి భయపడేది దానికి.

పాత_రిపోర్టర్

హైదరాబాదులో ఏళ్లపాటు అసెంబ్లీ కవర్ చేసినవాణ్ని. స్కాట్లాండ్ సంగతి నాకు దూరంనుంచే తెలుసు, కానీ ఒక్క విషయం రెండు చోట్లా ఒకటే అనిపిస్తుంది.

మన దగ్గర నక్షత్ర గుర్తు ప్రశ్న ఎలా అచ్చవుతుందో చూసినవాళ్లకి తెలుసు. (అ) ఫలానా పనులు నిలిచిపోయిన మాట వాస్తవమేనా? (ఆ) అయినచో, కారణములేవి? (ఇ) ఎప్పటిలోగా పూర్తి చేయుదురు? జవాబులు: (అ) లేదండి. (ఆ) మరియు (ఇ) ఈ ప్రశ్నలు ఉత్పన్నం కావు. అయిపోయింది! అధికారులు రాసిన జవాబు, మంత్రి చదువుతారు, లేదా సభా సమక్షంలో ఉంచామంటారు. ఆట మొదలయ్యేది, జవాబు విన్నాక అప్పటికప్పుడు వేసే అనుబంధ ప్రశ్నతో. మంత్రి చేతిలో దానికి కాగితం ఉండదు. వెనక ఆఫీసర్ల గ్యాలరీలోంచి చీటీలు రావడం, మంత్రి ఆ చీటీ చదవలేక "వివరాలు తెప్పించి ఇస్తాను అధ్యక్షా" అనడం, రిపోర్టర్లమంతా అప్పుడు పెన్ను తీసేవాళ్లం. శాఖ మీద మంత్రికి పట్టుందో లేదో అక్కడే తేలిపోతుంది.

రాతలో దొరకనిది అదే. గ్లాస్గో తమ్ముడు అడిగినట్టు ముఖాముఖి ఎత్తేస్తే మిగిలేది "ఉత్పన్నం కావు".

ఇంకో మాట. అడిగేవాడు సభలో ఉంటేనే ఇదంతా. 2021 నవంబరులో చంద్రబాబు మళ్లీ ముఖ్యమంత్రిగానే వస్తానని చెప్పి వెళ్లిపోయారు. 2024లో 11 సీట్లొచ్చిన జగన్ ప్రతిపక్ష నేత హోదా ఇవ్వలేదని సభకి రావడం దాదాపు మానేశారు. తెలంగాణలో 2023 ఓటమి తర్వాత ప్రతిపక్ష నేత కేసీఆర్ సభలో కనబడిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. స్కాట్లాండ్‌లో గురువారం ఎంత తమాషాగా ఉన్నా అందరూ వచ్చి కూర్చుంటున్నారు కదా.

మిర్చిబజ్జీ

ముగ్గురి పేర్లూ ఒకే పేరాలో రాశారు, ఇక మూడు పార్టీలవాళ్లూ ఇక్కడికే వస్తారు చూడండి.

బెల్‌ఫాస్ట్_బాబాయ్

ఎవరూ రాకండి, దయచేసి. చర్చ బాగా నడుస్తోంది.

ఖాళీ కుర్చీల గురించైతే మమ్మల్ని అడగాలి. ఉత్తర ఐర్లాండ్‌లో 2017 జనవరి నుంచి మూడేళ్లు, మళ్లీ 2022 నుంచి రెండేళ్లు ప్రభుత్వమే లేదు. అసెంబ్లీకి 90 మంది ఎన్నికయ్యారు, అడగడానికి మంత్రి లేడు. శాఖల్ని సివిల్ సర్వెంట్లు నడిపారు. ఆసుపత్రి క్యూలు పెరుగుతూనే ఉన్నాయి, ఎవర్ని తిట్టాలో కూడా తెలిసేది కాదు.

మొదటిసారి కూలిపోవడానికి నెపమైన పథకం వినండి. బొగ్గు, నూనె బదులు కలప గుళికలతో వేడి చేసుకునే వ్యాపారులకి సబ్సిడీ. ఖర్చుకి పరిమితి పెట్టడం మర్చిపోయారు. ఒక పౌండు ఇంధనం కాలిస్తే 1.60 పౌండ్లు చేతికొచ్చేది. ఖాళీ షెడ్లు కూడా వేడి చేశారని ఆరోపణలు. తర్వాత వేసిన విచారణలో సివిల్ సర్వీస్ పెద్ద స్వయంగా చెప్పిన మాట: సమాచార చట్టం కింద బయటికొస్తాయని కొన్ని సమావేశాల్లో ఏం జరిగిందో రాసిపెట్టే మినిట్సే రాయలేదట. కాగితమే లేనప్పుడు రాతపూర్వక ప్రశ్న వేసి ఏం లాభం?

నైట్‌డ్యూటీ

రాతపూర్వక ప్రశ్నల్ని మెచ్చుకుంటున్నవాళ్లకి నా అనుభవం చెబుతాను. మా బాబుకి ఆటిజం పరీక్ష కోసం రెండేళ్లకి పైగా ఎదురుచూస్తున్నాం. ఏ హెల్త్ బోర్డో రాయను, నేను పనిచేసేదీ అదే వ్యవస్థలో. ఇక్కడ ప్రతి ఇంటికీ ఎనిమిది మంది ఎంఎస్‌పీలు ఉంటారు: నియోజకవర్గానికి ఒకరు, ప్రాంతానికి ఏడుగురు. (ఎంఎస్‌పీ అంటే స్కాట్లాండ్ పార్లమెంటు సభ్యులండీ, వరికిచ్చేది కాదు.) ప్రాంతం సభ్యుల్లో ఒకావిడకి ఈమెయిల్ రాశాను. ఆవిడ మంచి మనిషి, వెంటనే ప్రశ్న వేశారు: రెండేళ్లు దాటి ఎదురుచూస్తున్న పిల్లలు బోర్డులవారీగా ఎంతమంది?

జవాబు వచ్చింది. టైమ్‌కే వచ్చింది. "ఈ సమాచారం ప్రభుత్వం దగ్గర ఒకచోట సేకరించి లేదు. సేవల బాధ్యత ఆయా బోర్డులది." రెండు వాక్యాలు. మా ఆయన చదివి, దీనికి పది పనిదినాలు దేనికీ అన్నారు.

బోర్డుని అడిగితే జాతీయ విధానం రావాలంటారు. ప్రభుత్వాన్ని అడిగితే బోర్డు అంటారు. గురువారం తమాషాయే కావచ్చు, కనీసం అక్కడ ఎవరో ఒకరు ఈ మాట ఫస్ట్ మినిస్టర్ మొహం మీద అంటారు.

గ్లాస్గో_గోదారి

అక్కా, బాబుకి తొందరగా తేదీ దొరకాలని కోరుకుంటున్నాను. కానీ మొహం మీద అంటే లెక్క పుట్టదు కదా. ఆ సమాచారం కావాలంటే 14 బోర్డులకీ విడివిడిగా సమాచార చట్టం కింద దరఖాస్తు పెట్టాలి, జవాబుకి 20 పనిదినాలు. "యూరప్ మొత్తం మీద సముద్రగాలితో విద్యుత్తు తీయగల అవకాశంలో 25 శాతం మా దగ్గరే ఉంది" అని ఎస్‌ఎన్‌పీ (స్కాటిష్ నేషనల్ పార్టీ, ఇక్కడి అధికార పక్షం) సర్కారు దశాబ్దానికి పైగా చెప్పుకుంది. అది నిలబడని లెక్కని అధికారులకే తెలుసని 2022లో తేలింది సమాచార చట్టం కింద బయటికొచ్చిన ఈమెయిళ్ల వల్లే. అన్ని గురువారాలు గడిచాయి, ఒక్కరూ "ఆ 25 ఎక్కడిదండీ" అని గట్టిగా పట్టుకోలేదు.

క్లైడ్_ఒడ్డు

ఇది ఒప్పుకోవాల్సిందే, మంచి దెబ్బ.

అయితే ఫెర్రీల కథ చూడండి, అన్ని దారులూ ఒకే చోట కనబడతాయి. 2015లో రెండు ఓడలు కట్టడానికి క్లైడ్ నది మీదున్న ఫెర్గసన్ యార్డుకి 9.7 కోట్ల పౌండ్ల కాంట్రాక్టు. ఓడ సరిగ్గా రాకపోతే డబ్బు వాపసిచ్చే పూర్తి గ్యారంటీ లేకుండానే ఇచ్చారు. 2017 నవంబరులో అప్పటి ఫస్ట్ మినిస్టర్ నికొలా స్టర్జన్ చేతుల మీదుగా మొదటి ఓడని నీళ్లలోకి దింపారు. కిటికీలు ఇంకా పెట్టలేదు, ఆ చోట నల్లరంగు పూశారు. ఫోటోలో మాత్రం కిటికీల్లాగే ఉన్నాయి! 2019లో యార్డునే ప్రభుత్వం తీసుకోవాల్సి వచ్చింది. ఆ మొదటి ఓడ గ్లెన్ శానక్స్ 2025 జనవరిలో గానీ ఆర్రన్ దీవికి ప్రయాణికుల్ని ఎక్కించుకోలేదు. రెండిటి ఖర్చూ కలిపి మొదటి ధరకి నాలుగు రెట్లు దాటింది.

2022 మార్చిలో ఆడిటర్ జనరల్ నివేదికలో అసలు వాక్యం వచ్చింది: గ్యారంటీ లేకున్నా మంత్రులు ఎందుకు ఒప్పుకున్నారో చెప్పే కాగితం దొరకలేదని. ఆ తర్వాత వారాల తరబడి సభలో అదే ప్రశ్న, ఎవరు సంతకం పెట్టారు, కాగితమేదీ? మే నెలలో అప్పటి డిప్యూటీ ఫస్ట్ మినిస్టర్ జాన్ స్వినీ సభకొచ్చి, ఒక ఈమెయిల్ దొరికింది, అప్పటి రవాణా మంత్రి ఆమోదం అందులో ఉందన్నారు. ఆడిటర్ ఇన్నాళ్లు వెతికినా దొరకనిది సభలో అడిగాక దొరికింది.

గ్లాస్గో_గోదారి

అడిగినందుకే దొరికిందా, దొరికే టైమొచ్చి దొరికిందా? దాంట్లోనూ ఎందుకు ఒప్పుకున్నారన్నదానికి పూర్తి జవాబు లేదు. మొదట బయటపెట్టింది ఆడిటర్. ఆ నివేదిక లేకపోతే గురువారం ఏం అడిగేవారు?

పాత_రిపోర్టర్

తమ్ముడూ, నువ్వు కమిటీల్ని మరీ నమ్ముతున్నావు. మాజీ ఫస్ట్ మినిస్టర్ అలెక్స్ సాల్మండ్ మీద ఫిర్యాదుల వ్యవహారంలో వేసిన కమిటీ సంగతేంటి? ప్రభుత్వానికి లాయర్లు ఇచ్చిన సలహా చూపించమని కమిటీ అడిగింది, ఇవ్వలేదు. 2020 నవంబరులో సభ రెండుసార్లు ఓటేసి అడిగింది, అప్పుడూ ఇవ్వలేదు. 2021 మార్చిలో స్వినీ మీద అవిశ్వాసం పెడతామని ప్రతిపక్షాలన్నీ కలిసి బెదిరించాక కదిలింది. అప్పుడు ఎస్‌ఎన్‌పీకి సొంత మెజారిటీ లేదు కాబట్టి ఆ బెదిరింపు పనిచేసింది. మెజారిటీ ఉంటే? మన దగ్గర 175లో 151 వచ్చినప్పుడు, ఆ తర్వాత కూటమికి 164 వచ్చినప్పుడు ఎవరు ఎవర్ని బెదిరించగలిగారు?

గ్లాస్గో_గోదారి

సంఖ్య విషయంలో మీతో వాదించను. ఇంకోటి కూడా కలపండి: వెస్ట్‌మినిస్టర్‌లో 2010 నుంచి చాలా కమిటీల అధ్యక్షుల్ని సభ్యులే రహస్య ఓటుతో ఎన్నుకుంటున్నారు. ఇక్కడ మాత్రం ఏ పార్టీకి ఏ కమిటీ అన్న వాటా తేలాక పార్టీయే పేరు చెప్పడం ఆనవాయితీగా వచ్చింది. పార్టీ పెట్టిన మనిషి పార్టీ మంత్రిని ఎంత గట్టిగా అడుగుతాడు? అది బాగుచేయండి, గురువారం ఉన్నా పోయినా నాకొకటే అని నా మాట.

క్లైడ్_ఒడ్డు

"రద్దు చేయాలి" నుంచి "ఉన్నా పోయినా ఒకటే"కి వచ్చారు. ఇంకో రెండు పోస్టులు పడితే గంటన్నర చేయాలంటారేమో.

బెల్‌ఫాస్ట్_బాబాయ్

సరదాకి కాదు గానీ, నిడివి ఒక్కటే పెంచితే నష్టమే. ఒక్కొక్కరికి ఒక ప్రశ్న, ఒక జవాబు, తర్వాత ఇంకొకరు. తప్పించుకోవడానికి ఇంతకన్నా హాయి ఏముంటుంది? తక్కువ మంది అడిగినా ఒకే విషయం మీద మూడు నాలుగు అనుబంధాలు పడాలి. పార్టీ నాయకులకి ఆ అవకాశం ఉంది, వెనక బెంచీవాళ్లకే లేదు.

నైట్‌డ్యూటీ

మీ అందరి వాదనా బాగుంది. నేను ఇప్పుడు మా ఎంఎస్‌పీ గారికి ఏం రాయాలి?

పాత_రిపోర్టర్

అమ్మా, ఎంతమంది అని అడిగించకండి. లేదు అనే జవాబుకి అదే దారి. ఈ లెక్కని బోర్డుల నుంచి మంత్రి ఎప్పుడైనా తెప్పించుకున్నారా, చివరిసారి ఎప్పుడు? తెప్పించుకోకపోతే ఏ లెక్క చూసి ఈ సేవలకి డబ్బు కేటాయిస్తున్నారు? ఇకముందు సేకరించమని బోర్డుల్ని ఆదేశిస్తారా? వీటికి "మా దగ్గర లేదు" అని రాయడం కష్టం, ఎందుకంటే అడిగేది వాళ్లు చేసిన పని గురించి.

నైట్‌డ్యూటీ

కాపీ చేసుకున్నాను. మీ అసెంబ్లీ పద్ధతిలో (అ), (ఆ), (ఇ) అని ఒకే ప్రశ్నగా పంపనా?

పాత_రిపోర్టర్

వద్దు. మూడూ ఒకదాంట్లో పెడితే తేలికైనదానికే జవాబిచ్చి మిగతావి మింగేస్తారు. విడివిడిగా మూడు ప్రశ్నలు వేయమనండి. జవాబులు వచ్చాక, ఏది తప్పించుకున్నారో దాన్ని పట్టుకుని ఆవిడ పార్టీ నాయకుడి చేత గురువారం అడిగించమనండి.